పసుపు నీళ్ళ పందెం

పోయిన వారం మనం వసుమతిని ఆమె ఫ్లాట్ గుమ్మంలో, రెండు చేతులూ ద్వారబంధానికి చెరో పక్కా ఆనించి, అడ్డంగా నిలబెట్టి వదిలేశాం. ఎదురుగా మెట్ల మీద విజయేందర్. అతని వెనక ఉస్మాన్‌గంజ్ నుంచి పిలిపించిన ఇద్దరు హమాలీలు, వాళ్ళ భుజాల మీద ఖాళీ గోనెసంచులు. ఉగాది లోపల ఆమె బాల్కనీ ఖాళీ కావాలని, కమలా మాన్షన్ అసోసియేషన్ సెక్రటరీ హోదాలో విజయేందర్ హుకుం జారీ చేశాడు. ఉగాది ఇంకా రాలేదు, మనుషులు మాత్రం వచ్చేశారు. "నా కుండీల మీద ఎవరి చెయ్యి పడుతుందో చూస్తాను" అంది వసుమతి. అక్కడ ఆగాం.

ఆ మాట హమాలీలకు వెంటనే అర్థమైంది. సంచులు కింద పరుచుకుని మెట్ల మీద కూర్చున్నారు. అర్థం కానిది విజయేందర్‌కే.

"ఏంది మేడం గిది? టీచరమ్మలు, నలుగురికి చెప్పేటోళ్ళు, మీరే గిట్ల జేస్తే ఎట్ల? కింద నా హాల్ల గోడంతా చెమ్మ వట్టింది. ఎన్నిసార్లని పెయింట్ ఏయించాలె? మీ చెట్లు మీకు ముచ్చటనే, కాదంటలేను. నా ఇల్లు నాకు ముఖ్యం గాదా?"

"ముఖ్యమే. ఆ చెమ్మ నా కుండీలదేనని ఎవరు చెప్పారు?"

"ఎవరో జెప్పుడేంది? నా నెత్తి మీద ఉన్నది మీరే. నీళ్ళు కిందికే వస్తయి."

"ఇది లెక్క కాదు, ఊహ. లెక్కయితే రుజువు చూపించాలి."

నాంపల్లి ఆడపిల్లల బళ్ళో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి, నిరుడే రిటైరైన మనిషి. రుజువు లేకుండా వాళ్ళ హెడ్‌మిస్ట్రెస్ మాటే వినలేదు, విజయేందర్ మాట వింటుందా?

ఆమె మొండితనం కొత్త పాఠకులకు అతిగా కనిపించవచ్చు. నాలుగు కుండీల కోసం ఇంత గొడవెందుకని ఆమె భర్త గోపాలరావే అంటాడు. కానీ ఆ కుండీల వెనక ఎన్ని కిరాయి ఇళ్ళున్నాయో ఆయనకీ తెలుసు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు ఆఫీసు ఫైళ్ళతోబాటు తెనాలి నుంచి నాంపల్లికి వచ్చిన కుటుంబం వాళ్ళది. అప్పట్నుంచీ అన్నీ అద్దె కొంపలే. గోడకి మేకు కొట్టొద్దనే ఓనరు ఒకడు, రుబ్బురోలు వద్దనే ఓనరు ఒకడు. పెళ్ళైన కొత్తలో వసుమతి ఒక తులసి మొక్క పెట్టుకుంటే, ఫ్లోరింగు పాడవుతుందని ఓనరమ్మ దాన్ని తీసుకెళ్ళి వీధి పంపు పక్కన పెట్టింది. అది ఎండిపోయేదాకా వసుమతి రోజూ ఆ దారినే బడికి వెళ్ళింది. ఆ ఎండిన పుల్లల్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక సందులో ఈ పాత ఫ్లాట్ కొనుక్కున్నాకే ఆమె మట్టిని ఇంటికి తెచ్చింది. ఈ చలికాలం నాంపల్లి ఎగ్జిబిషన్‌లో అందరూ మిర్చి బజ్జీలు తింటుంటే, ఆమె నర్సరీ స్టాలు ముందు నిలబడి విత్తనాలు ఏరుకుంది. సంక్రాంతి వెళ్ళీ వెళ్ళగానే పెయింటు డబ్బాల్లో, పాత బకెట్లలో, కొబ్బరి పొట్టూ ఎర్రమట్టీ పేడ ఎరువూ కలిపి నింపింది. ఇప్పుడు బీరపాదు దారం పట్టుకుని గ్రిల్లు ఎక్కింది. వంగ పిందె వేసింది. గోంగూర ఒకసారి కోతకొచ్చింది కూడా. బొండుమల్లె నిండా మొగ్గలు. తన ఇంట్లో, తన మట్టిలో, తను పెంచినవి. వీటిని గోనెసంచుల్లో వేసుకుపోతామంటే ఊరుకునే మనిషి కాదు వసుమతి, ఊరుకోకూడదు కూడా.

"సరే విజయేందర్ గారూ, మీకు రుజువు నేనే ఇస్తాను" అంది. "బిందెడు నీళ్ళలో పసుపు కలిపి మీ ముందే కుండీల్లో పోస్తాను. బాల్కనీ నేల మీదా పోస్తాను. మీ ఇంట్లో పచ్చటి చుక్క ఒక్కటి కనిపించినా, ఈ కుండీలన్నీ నా చేతులతో నేనే మీ సంచుల్లో వేస్తాను. కనిపించలేదనుకోండి, మళ్ళీ ఈ గుమ్మంలోకి ఈ మాట మీద రావద్దు."

"పరీక్షలు గిరీక్షలు ఏం వద్దు మేడం. ఊకె లొల్లి."

"ఎందుకు వద్దు? పసుపు కూడా మీదే తెండి. మా ఇంటి పసుపులో మోసముందని రేపు అనకుండా."

విజయేందర్ కుటుంబం మూడు తరాలుగా ఉస్మాన్‌గంజ్‌లో పసుపు, ఎండుమిర్చి టోకు వ్యాపారం చేస్తోంది. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. అయినా అతను తల అడ్డంగానే ఊపాడు. అంత ఖచ్చితంగా మాట్లాడే మనిషి పరీక్షకి ఎందుకు వెనకాడుతున్నాడా అని వసుమతికి ఆ క్షణంలోనే తోచవలసింది. కోపంలో తోచలేదు.

అప్పుడే పైఅంతస్తు నుంచి అసోసియేషన్ ప్రెసిడెంటు విద్యాసాగర్ గుడ్డసంచీతో దిగుతున్నాడు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఆయనకి ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల తర్వాతే ఏ పనైనా. సంగతంతా మెట్ల మీదే విన్నాడు.

"మంచిగనే ఉంది కదా విజయేందర్. టీచరమ్మ న్యాయంగ అడుగుతున్నరు. నువ్వు కాదంటే రేపు అందరు ఏమనుకుంటరు? కానియ్యి, జల్ది కానియ్యి, నాకు పుస్తకాలు వోతయి."

ప్రెసిడెంటు అన్నాక సెక్రటరీ ఏం చేస్తాడు? కిందికి కేకేశాడు. అతని భార్య సంహిత స్టీలు డబ్బాతో పసుపు తెచ్చింది. మూత తీస్తే మెట్లదాకా వాసన.

బిందెలో నీళ్ళు పచ్చగా తిరిగాయి. వసుమతి ఒక్కో కుండీలో పోసింది. ప్రతి కుండీ కిందా పళ్ళెం ఉంది, పళ్ళెంలోకి దిగిన నీళ్ళు పళ్ళెంలోనే ఉన్నాయి. విద్యాసాగర్ కళ్ళజోడు సవరించుకుని వంగి చూసి, భేష్ అన్నాడు. ఇక మిగిలింది నేల. రోజూ కడిగినట్టే కడగాలి కాబట్టి, బాల్కనీ కుళాయి దగ్గర బకెట్టూ పసుపు డబ్బా పెట్టి ఆ పని గోపాలరావుకి అప్పజెప్పింది.

"ఏమండీ, నేను కింద చూస్తుంటాను. ఆపమని నేను చెప్పేదాకా మీరు పోస్తూనే ఉండండి. బాల్కనీ తలుపు మూసుకోండి, పావురాలు ఇంట్లోకి వచ్చేస్తాయి."

"అలాగే వసూ" అన్నాడు గోపాలరావు. ఆయన నాంపల్లి స్టేషన్ బుకింగ్ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాడు. చెప్పిన పని చెప్పినట్టు చేయడంలో ఆయనకి సాటి లేదు. ఆ సంగతి గుర్తుంచుకోండి.

కింద విజయేందర్ ఇంట్లోకి వసుమతి అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఈ ఫ్లాట్‌లోకి వచ్చిన దగ్గర్నుంచీ మొక్కల తగువే తప్ప పేరంటానికి పిలుచుకునేంత మంచితనం ఎక్కడ కుదిరింది? పెద్ద హాలు. పైన తెల్లటి ఫాల్స్ సీలింగు, దాన్నిండా దీపాలు. హాలుకీ వంటింటికీ మధ్య అడ్డేమీ లేకుండా, ఒక గ్రానైటు గట్టు మాత్రం ఉంది. ఎంత విశాలంగా ఉందో అనుకుంది. తన ఇల్లు దీనికి నకలే, అయినా ఇంత విశాలంగా ఎందుకు అనిపించదో ఆమెకి అర్థం కాలేదు.

"కూర్చోండి ఆంటీ, చాయ్ వెడ్త" అంది సంహిత. ఆమె ముఖంలో ఈ గొడవ ఇష్టం లేనట్టు తెలుస్తూనే ఉంది.

అందరూ తలలెత్తి చూస్తూ కూర్చున్నారు. పైన నీళ్ళు పోస్తున్న చప్పుడు. చాయ్ వచ్చింది, అయిపోయింది. బాల్కనీ పక్క గోడ మీద చెమ్మ మరక పాతదే, దాని రంగు మారలేదు. ఫాల్స్ సీలింగు తెల్లగానే ఉంది. పచ్చదనం ఎక్కడా లేదు.

"అయిపోయింది విజయేందర్" అంటూ విద్యాసాగర్ సంచీ అందుకుని లేచాడు. "టీచరమ్మ గెలిచిన్రు. చెట్లు ఉంటయి. నీ చెమ్మ ఏ పైపుదో ప్లంబర్‌ని పిలిచి చూపించుకో. ఇంక ఈ ముచ్చట బంద్."

ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాడు. హమాలీలు ఆయన వెనకే దిగారు. వసుమతికి ఒళ్ళంతా తేలికైంది. ముప్ఫై ఏళ్ళ కిందటి ఆ వీధి పంపు ఓనరమ్మ ఎదురుగా ఉంటే బాగుండుననిపించింది. చూడమ్మా, ఇది నా మట్టి, దీన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు అని చెప్పేది. మురిసిపోతూ, చాయ్ కప్పు పెట్టడానికి వంటింటి గట్టు దాకా వెళ్ళింది.

"అయ్యో, గిదేంది?" అంది సంహిత, పైకి చూస్తూ.

హాల్లో ఫాల్స్ సీలింగు ఎక్కడ ఆగిపోయిందో, అక్కడ వంటింటి పైకప్పు మీద ఒక గీత. ఎర్రటి గీత. బాల్కనీ వైపు మొదలై ఇంటి లోపలికి తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు వస్తోంది. చూస్తుండగానే ఒక చుక్క ఉబ్బి, గట్టు మీద పడింది.

"నిన్ననే సున్నం ఏయించిన ఆంటీ. హాలుకు పెయింటయినా సరే, వంటింటికి మాత్రం ఉగాదికి సున్నమే గావాలె. మా అత్తమ్మ ఉన్నప్పటి సంది గదే పద్ధతి. పండగ ముంగట గిట్ల ఎర్రగ... నాకు భయమైతున్నది."

"తుప్పు" అన్నాడు విజయేందర్ గబుక్కున. "లోపల సలాకలు తుప్పు వట్టినయి. ఎప్పటినుంచో ఉన్నదే. వదిలేయ్. మేడం, మీరు గెలిచిన్రు కద, ఇంక పోండ్రి. చెట్లు ఉంచుకోండ్రి."

వసుమతి గట్టు మీది చుక్కని వేలితో తాకింది. బొటనవేలితో రుద్దింది. ఆ ఎరుపు ఆమెకి కొత్త కాదు. అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళలో, మేనకోడళ్ళ పెళ్ళిళ్ళలో, పీటల మీద కూర్చున్న ప్రతి పెళ్ళికూతురి పాదాలకీ ఈ ఎరుపు పూసింది ఆమే. పసుపులో సున్నం కలిస్తే పారాణి. పచ్చదనం కోసం అందరూ హాలంతా వెతికారు. నిన్నటి తడి సున్నంలోంచి దిగే పసుపు పచ్చగా ఎందుకుంటుంది? పందెం కట్టిన తనకే ఆ సంగతి తట్టలేదు.

అంటే ఇవి తన నీళ్ళే. తను ఓడిపోయింది.

నోరు మూసుకుని మెట్లెక్కితే చాలు. ప్రెసిడెంటు తీర్పు చెప్పేశాడు, చూసినవాళ్ళు వెళ్ళిపోయారు. బీరపాదు ఉంటుంది, మల్లెమొగ్గలు విచ్చుకుంటాయి. తుప్పని సెక్రటరీయే అంటున్నాడు.

సెక్రటరీయే ఎందుకంటున్నాడు? అక్కడ ఆగింది వసుమతి. మూడు తరాల పసుపు వ్యాపారి. కుంకుమ తయారుచేసేవాళ్ళకి సరుకు అమ్మే మనిషి. పసుపు దేనితో కలిస్తే ఎరుపవుతుందో అబిడ్స్ మొత్తానికీ ఇతనికంటే తెలిసినవాడు లేడు. "గిదిగో, గిది మీ పసుపు నీళ్ళే" అని ఒక్క మాటంటే పందెం అతనిదే. కుండీలన్నీ అతని సంచుల్లోకి వెళ్ళేవి. గెలుపు చేతికొస్తే ఇతను చేతులు వెనక్కి ఎందుకు తీసుకుంటున్నాడు?

"విజయేందర్ గారూ, ఇది తుప్పు కాదు. పారాణి. నా నీళ్ళే" అంది.

సంహిత నోరు తెరిచింది. విజయేందర్ ముఖం పాలిపోయింది.

"మీరు గెలిచిన్రంటున్న కద మేడం..."

"మీరు దయతలిస్తే గెలవడానికి నేను పందెం కట్టలేదు. ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. సంచులు మళ్ళీ తెప్పించుకోండి, మాట తప్పను. కానీ ఒక్కటి చెప్పండి. బాల్కనీ అక్కడుంది. కారితే బాల్కనీ పక్కన కారాలి. నా నీళ్ళు ఇంత దూరం, ఇంత తిన్నగా, ఏ దారి పట్టుకుని వచ్చాయి?"

వసుమతి ఆ ఎర్రగీత వెంబడి చూపు నడిపించింది. బాల్కనీ తలుపు పక్క నుంచి వంటింటి దాకా. అప్పుడు తెలిసింది, ఈ ఇల్లు ఎందుకింత విశాలంగా ఉందో. సరిగ్గా ఈ గీత ఉన్నచోట, పైన తన ఇంట్లో మూరెడు మందం గోడ ఉంది. దాని పక్కనే దేవుడి అల్మారా. దాని చివరే బాల్కనీ తలుపు. పాతకాలపు కట్టడం, గోడల మీదే నిలబడ్డ ఇల్లు. పై గోడని కింది గోడ మోయాలి.

"ఇక్కడి గోడ ఏమైంది?"

"మేడం, జర మెల్లగ..."

"ఇక్కడ గోడ ఉండాలి కదా! ఏమైందని అడుగుతున్నాను!"

సంహిత మూలనున్న బూజుకర్ర తెచ్చి వసుమతి చేతికిచ్చింది. మొగుడి వైపు చూడనైనా చూడలేదు. వసుమతి ఆ కర్రతో ఫాల్స్ సీలింగు చివరి పలకని పైకి పొడిచింది. అది తునిగి కింద పడింది. లోపల చీకట్లో వేలు దూరేంత పగులు, దాని పొడవునా ఎర్రటి తడి. గోడ ఉండాల్సినచోట రెండు ఇనుప గొట్టాలు. అవి హాల్లో నిలబెట్టిన అద్దాల బీరువా వెనక నుంచి పైకి వచ్చాయి. వాటిలో ఒకటి అప్పటికే కాస్త వంగి ఉంది.

విజయేందర్ సోఫాలో కూలబడ్డాడు. మేడం అనే పిలుపు ఎటో పోయింది.

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత. పోయిన ఏడు ఓపెన్ కిచెన్ చేయించిన. మేస్త్రీ ఏం గాదన్నడు. తర్వాత పగులు వచ్చింది. అందుకే నీ కుండీలు తీసెయ్యమన్న. నీ మీద పగతో గాదక్కా, గా బరువుకు, గా నీళ్ళకు భయపడి. ఎవ్వరికి జెప్పుకోవాలె? బిల్డింగ్ల ఎనిమిది కుటుంబాలున్నయి, నన్ను బతకనిస్తరా? నువ్వు ఊకుంటే చాలు. బాల్కనీల ఎన్ని చెట్లన్న పెట్టుకో. టెర్రసంతా నీకే రాయించి ఇస్త. మీటింగ్ల నేను పాస్ చేయిస్త. ఎవ్వడు అడ్డమొచ్చినా నేను చూసుకుంట."

టెర్రసు! వసుమతి ఎన్ని సాయంత్రాలు ఆ టెర్రసు మీద నిలబడి, ఇక్కడ సొరపందిరి, అక్కడ కనకాంబరాలు అని మనసులో పాదులు తవ్వుకుందో ఇతనికి తెలియదు. తెలియకుండానే సరిగ్గా ఆమె కోరికనే తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆశ పుట్టలేదంటే అబద్ధమవుతుంది. పుట్టిన ఆశని చూసి ఆమెకి తన మీదే ఒళ్ళుమండింది.

"ఇన్నాళ్ళూ నా మొక్కలు నేరం చేశాయన్నావు. ప్రతి మీటింగులో నన్ను నిలబెట్టి అడిగావు. నేను పోసిన చెంబుడు నీళ్ళకి ఇల్లు పాడయిందన్నావు. ఇల్లు పాడుచేసింది నువ్వు! పైన మేం నిద్రపోతున్నామని తెలిసీ, రోజూ ఈ గొట్టాల కింద కూర్చుని అన్నం తిన్నావు. నాకు మొక్కలు లంచమిస్తావా? నా మొక్కలు నాకు కావాలి. ఎవరి దయా లేకుండా కావాలి. ఇవాళే విద్యాసాగర్ గారికి చెప్తాను, అందరికీ చెప్తాను. ముందు మా ఆయన్ని కిందికి రానీ."

ఆ మాటతోనే ఆమెకి ఆ చప్పుడు వినిపించింది. ఇంతసేపూ వినిపిస్తూనే ఉన్నది, పట్టించుకోనిది. పైన నీళ్ళు పోస్తున్న చప్పుడు. ఆపమని చెప్పేదాకా పోయమంది తనే. పగుల్లోంచి ఇప్పుడు చుక్కలు కాదు, సన్నటి ధార వస్తోంది. దాంతోబాటు సున్నపు పెళ్ళ ఒకటి ఊడి గ్రానైటు మీద పడి పగిలింది.

"సంహితా, నువ్వు బయటికి నడు. మీ ఆయన్నీ లాక్కెళ్ళు. పక్కవాళ్ళ తలుపులు కొట్టు" అని, పైకి ఫోన్ చేసింది. గోపాలరావు వెంటనే ఎత్తాడు.

"ఏమండీ, నీళ్ళు ఆపండి. ఇంట్లో ఏమీ తీసుకోవద్దు. చెప్పులు కూడా వద్దు. ఉన్నపళంగా కిందికి దిగిరండి."

"ఆపాను వసూ" అన్నాడు ఆయన. గొంతులో ఎప్పటి నెమ్మదే ఉంది. "నేనే నీకు చేద్దామనుకుంటున్నాను. ఇందాక తలుపు మూసుకోమన్నావు కదా, మూశాను. బాగానే మూసుకుంది. ఇప్పుడు లాగుతుంటే రావడం లేదు. ద్వారబంధం ఒక పక్కకి ఒరిగినట్టుంది."